మల్లేశు పేరు మీద మీటరు

మధులత తెచ్చిన కరెంటాఫీసు కాగితంలో రెండు వాక్యాలున్నాయి. పోర్ట్‌బ్లెయర్‌కి దగ్గర్లోని ఫెరార్గంజ్‌లో సరోజిని ఇంటి ముందు గదికి కొత్త కరెంటు కనెక్షన్ కోసం పెట్టిన దరఖాస్తును ఆపి ఉంచామని మొదటి వాక్యం. ఆ గదిలోని పాత కనెక్షన్ మీద 47,380 రూపాయల బకాయి ఉందని, అది తీరితేనే దరఖాస్తు ముందుకు కదులుతుందని రెండోది.

సరోజినికి ఇంగ్లిషు రాదు. మధులత చదివి చెప్పింది.

"అది నా బకాయి కాదు గదమ్మా. మీటరు ముందు అద్దెకున్న మల్లేశు పేరు మీదుంది," అంది సరోజిని.

"నేనూ అదే అన్నాను ఆంటీ. ఓనర్‌ని తీసుకురమ్మన్నారు."

మధులత ఫార్మసీ చదివింది. అబర్డీన్ బజార్‌లో ఒక మందుల షాపులో ఆరేళ్లు పనిచేసింది. ఇప్పుడు సొంతంగా షాపు పెట్టుకోవాలని సరోజిని గది చూసుకుంది. లైసెన్సు కోసం ఇన్‌స్పెక్టరు జులై పన్నెండున వస్తాడు. ఆ రోజుకి గదిలో ఫ్రిజ్ నడుస్తూ ఉండాలి.

"చౌల్దారీలో ఇంకో గది చూశాను ఆంటీ. రోడ్డుకి దూరం. అయినా లైను ఉంది. పదో తారీకు దాకా ఆగుతాను. ఆ తరవాత వాళ్లకి సరే అనేస్తాను. ఏమీ అనుకోకండి."

ఆ రోజు జూన్ ఇరవై ఏడు.

ఆ గదిని సరోజిని భర్త తిరుమలరావు కట్టాడు. తాపీ మేస్త్రీ. గోడలు తనే లేపి, రేకులు తనే వేశాడు. రెండేళ్ల కిందట పోయాడు. ఆయనకి పింఛను లేదు. కూతురు లహరి పోర్ట్‌బ్లెయర్‌లో ప్రైవేటు బోట్ల టికెట్లు అమ్మే ఆఫీసులో పని చేస్తుంది. ఆమె జీతంలో సగం తండ్రి వైద్యానికి తెచ్చిన అప్పుకి పోతుంది. ఇల్లు గడిచేది ముందు గది అద్దెతోనే. మల్లేశు ఖాళీ చేసినప్పటి నుంచి నాలుగు నెలలుగా గది తాళంతో ఉంది.

మల్లేశు భీమిలి వైపు మనిషి. పందొమ్మిదో ఏట పడవ మీద కూలికి వచ్చాడు. తరవాత చేపల వ్యాపారంలోకి దిగాడు. సరోజిని గదిలో రెండు డీప్ ఫ్రీజర్లు పెట్టి ఏడేళ్లు నడిపాడు. పోయినేడు ఒక ఫ్రీజరు పాడైంది. అప్పు చేసి ఇంకోటి కొన్నాడు. ఆ అప్పు తీరలేదు, వ్యాపారం పుంజుకోలేదు. ఫిబ్రవరిలో రెండు ఫ్రీజర్లూ అమ్మేసి, భార్యాపిల్లలతో వైజాగ్ ఓడ ఎక్కాడు.

ఓడ ఆగే హడ్డో జెట్టీకి సరోజిని కూడా వెళ్లింది. ఆ ఊళ్లోని తెలుగువాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ద్వీపం విడిచి పోతుంటే, వాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నవాళ్లు జెట్టీకి వస్తారు. లెక్క అక్కడే చూసుకుంటారు. పెద్దమనిషి ఒకరు పక్కన నిలబడతారు. ఇవ్వాల్సింది ఇచ్చాక ఇద్దరి చేతా "ఇంకేం లేదు" అనిపిస్తారు. ఆ మాట అయ్యాక ఇటువాళ్లు అటువాళ్లని గాని, అటువాళ్లు ఇటువాళ్లని గాని మళ్లీ అడగకూడదు. ఓడ నెలకొకసారి వచ్చే రోజుల్లో, ఉత్తరానికి జవాబు రావడానికి రెండు నెలలు పట్టే రోజుల్లో మొదలైన పద్ధతి. ఫోన్లు వచ్చినా అది పోలేదు.

ఆ రోజు సరోజిని మల్లేశుకి పన్నెండు వేల అడ్వాన్సు తిరిగి ఇచ్చింది. అతను గది తాళం ఇచ్చాడు. బస్టాండు దగ్గర ఎండు చేపల షాపు నడిపే అసిరయ్య పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ "ఇంకేం లేదు" అన్నారు. కరెంటు బిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఆఫీసుతో వ్యవహారం. జెట్టీ మీద ఆఫీసు తరఫున ఎవరూ ఉండరు.

*

మర్నాడు లహరి సగం రోజు సెలవు పెట్టింది. తల్లీకూతుళ్లు కరెంటాఫీసుకి వెళ్లారు. అక్కడి జూనియర్ ఇంజినీరు, జేఈ, హిందీలోనే మాట్లాడతాడు. సరోజినికి తెలుగు ఎంత వచ్చో హిందీ అంత వచ్చు.

"మీటరు అతని పేరు మీద ఉన్నప్పుడు అతన్నే అడగాలి గదా సార్," అంది సరోజిని.

"అడిగాం మాతాజీ. మా దగ్గర ఉన్న అడ్రసు మీ గదిదే. మార్చిలో నోటీసు తెచ్చి తలుపుకి అంటించాం. పదో తారీకున లైను తీసేశాం."

"నేను చూడలేదు."

"గాలికి పోయి ఉంటుంది."

ఆయన ఫైలు తెప్పించాడు. తొమ్మిది నెలల బిల్లులు పూర్తిగా కట్టలేదు. నెలకి వెయ్యి, ఒక నెల అయిదొందలు, ఒక నెల రెండు వేలు కడుతూ మల్లేశు లైను నిలబెట్టుకున్నాడు. కనెక్షన్ తీసుకునేటప్పుడు కట్టిన డిపాజిట్టు పోను, ఆలస్యానికి పడిన సొమ్ము కలిపితే 47,380. ఫైలులో అడుగున ఉన్న కాగితాన్ని జేఈ వాళ్ల వైపు తిప్పాడు. కిరాయిదారుకి కనెక్షన్ ఇవ్వడానికి ఇంటి యజమాని ఒప్పుకుంటూ ఇచ్చిన పత్రం. కింద తిరుమలరావు సంతకం తెలుగులో ఉంది.

"ఈ లైను చదువు బేటీ," అన్నాడు లహరితో.

లహరి చదివింది. కిరాయిదారు బిల్లు కట్టని పక్షంలో యజమానిగా నేను బాధ్యత వహిస్తాను.

"నాన్న చనిపోయారు సార్," అంది.

"తెలుసు బేటీ. మా ఆఫీసు గోడ కూడా ఆయన కట్టిందే. కానీ గది ఉంది కదా. నా ఫైలులో మనుషులు మారతారు. గది మారదు."

"మేం ఒప్పుకోకపోతే?"

"కోర్టుకి వెళ్లొచ్చు. గెలవనూ వచ్చు. నేనేమీ జడ్జిని కాదు. కానీ కోర్టు ఇప్పుడప్పుడే ఏమీ చెప్పదు."

సరోజిని కాగితం మీది సంతకం చూస్తూ ఉంది. జేఈ ఫైలు తన వైపు లాక్కున్నాడు.

"ఒక పని చెయ్యండి మాతాజీ. సగం ఇప్పుడు కట్టి, మిగతాది ఏడాదిలోగా మూడు వాయిదాల్లో కడతానని రాసివ్వండి. పై ఆఫీసుకి పంపుతాను. వాళ్లు ఒప్పుకుంటే కొత్త లైను ఇస్తాం."

సగం అంటే 23,690. సరోజినికి బ్యాంకులో తొమ్మిది వేలున్నాయి. అందులోంచే వర్షాకాలానికి బియ్యం, నూనె కొనాలి.

బస్సులో లహరి ఫోను తీసింది.

"మల్లేశన్న నంబరు ఉంది. చెయ్యమ్మా. నువ్వు చెయ్యకపోతే నేన్జేస్తా."

"వద్దు. జెట్టీ మీద మాటైపోయింది."

"ఏటి మాట? సైంతాలీస్ హజార్ అమ్మా, నలభై ఏడు వేలు. మాటకి సైంతాలీస్ హజార్ ఎవరు కడతారు? పోలీసు కంప్లైంటు ఇద్దాం, అంతే."

"ఇచ్చి? ఆడు వైజాగ్‌లో ఉన్నాడు. పోలీసులు ఓడెక్కుతారేటి?"

ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగి చూసింది. లహరి గొంతు తగ్గించింది.

"అయితే మధు దీదీ ఎల్లిపోద్ది. అప్పుడేం చేస్తావు?"

దిగే ముందు సరోజిని, "అసిరయ్య మావని అడుగుతాను," అంది.

*

అసిరయ్యకి డెబ్బై నాలుగేళ్లు. ఆయన షాపులో ఎండు చేపల బుట్టల మధ్య ఒక స్టూలు ఖాళీగా ఉంటుంది, మాట్లాడడానికి వచ్చేవాళ్ల కోసం. సరోజిని దాని మీద కూర్చుని చెప్పింది. ఆయన చీపురుతో చేపల మీది ఈగలు తోలుతూ విన్నాడు.

"ఇంకేం లేదు అన్నావా, లేదా?"

"అన్నాను."

"ఆడన్నాడా?"

"అన్నాడు."

"మరింకేటి?"

"అప్పుడు ఈ బిల్లు సంగతి నాకు తెలీదు మావా."

"తెలీనివాటికే గదే ఆ మాట. తెలిసినవి సేతిలోనే తేలిపోతాయి. పన్నెండు వేలకి మాటెందుకు, డబ్బులున్నాయి. తెలీనివి రేపు బైటపడితే అడక్కుండా ఉండడానికే ఇంకేం లేదు అంటాం."

సరోజిని కాలికి తగులుతున్న బుట్టని పక్కకి జరిపింది.

"మీ మావ ఇంజిను సంగతి మర్సిపోనావేటి?" అన్నాడు అసిరయ్య.

ఆమె మర్చిపోలేదు. అత్తింట్లో అడుగుపెట్టిన నెలలోనే విన్న సంగతి. మామ నూకయ్య ఒకతనికి పడవ ఇంజిను అమ్మాడు. సగం డబ్బు తీసుకున్నాడు. అతను ఊరు విడిచేటప్పుడు జెట్టీ మీద వలల లెక్క, కూలి లెక్క చూసుకున్నారు. ఇంజిను గుర్తుకి రాలేదు. ఇద్దరూ "ఇంకేం లేదు" అన్నారు. ఓడ కనుమరుగయ్యాక నూకయ్యకి గుర్తొచ్చింది. పదకొండేళ్ల తరవాత అతను తిరిగొచ్చి వాళ్లింట్లోనే భోజనం చేశాడు. నూకయ్య ఇంజిను మాట ఎత్తలేదు. ఆ సంగతి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆ మనిషి కోడలివి నువ్వు. ఓడెక్కినోడి జేబులో సెయ్యెడతావా?"

"మావయ్య తన సొమ్ము వదులుకున్నాడు మావా. ఆయన్ని అడగడానికి ఎవరూ రాలేదు. నన్ను ఆఫీసోళ్లు అడుగుతున్నారు."

"ఆఫీసు మనలో మనిషేటి?"

"కాదు. అయినా గదికి లైను ఇవ్వాల్సింది వాళ్లే."

అసిరయ్య చీపురు పక్కన పెట్టాడు. "అడుగుతానంటే నేనేటి సేత్తాను. అడిగేనని మాత్రం నాకాడ సెప్పకు. ఆ రోజు సాచ్చికం నిలబడ్డది నేను," అన్నాడు. ఆమె లేస్తుంటే పావు కిలో ఎండు నెత్తళ్లు కాగితంలో కట్టి చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు.

*

జులై ఒకటిన చక్రి వచ్చాడు. ఎలక్ట్రీషియన్. షాపుకి ఎన్ని పాయింట్లు కావాలో చూసి లెక్క చెప్పమని మధులత పంపింది. ఆమె ఇంకా ఆశ వదులుకోలేదు.

అతను గది కొలతలు తీసుకుని బయటికి వచ్చేసరికి సరోజిని బావిలోంచి తాడుతో నీళ్లు తోడుతోంది. మూడున్నర నెలలుగా అదే పని. మార్చిలో మోటరు ఆగిపోయింది. కాలిందనుకుంది. వైండింగుకి మూడు వేలవుతుందని ఎవరో అంటే, అప్పటి నుంచి దాని జోలికి పోలేదు.

"ఎలాగూ వచ్చావు, ఆ మోటరొకసారి చూడు బాబూ," అంది.

చక్రి చూశాడు. తన టెస్టరు పెట్టాడు. ఇంట్లోంచి వైరు లాగి మోటరుకి ఇచ్చాడు. మోటరు తిరిగింది. ట్యాంకులో నీళ్లు పడ్డాయి.

"దీనికి రోగం లేదత్తా. తిండి లేదు, అంతే," అన్నాడు.

మోటరుకున్న పాత వైరు పట్టుకుని గోడ వెంట నడిచాడు. వైరు ఇంటి బోర్డు వైపు పోలేదు. చూరు కింద పాకి, రేకుల సందులోంచి ముందు గదిలోకి పోయింది. చక్రి గదిలోకి వెళ్లి మల్లేశు పాత బోర్డు విప్పాడు.

"ఇదిగో. మీ మోటరు ఆయన మీటరు మీదుంది. ఆయన లైను తీసిన రోజే ఇదీ ఆగింది."

సరోజిని తాడు వదిలేసి వచ్చి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో బోర్డు కాలింది. సామాన్లు కొనడానికి బజారు తెరిచి లేదు. దీపాల వరకు ఎలాగో సర్ది, మోటరుకి మాత్రం తిరుమలరావు ముందు గదిలోంచి వైరు లాగాడు. రెండ్రోజులకన్నాడు. ఆ తరవాత బజారు తెరిచారు, కొత్త బోర్డు వచ్చింది, వైరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటి బిల్లు తగ్గిందేమిటని ఆమె ఒకసారి అడిగింది. మీటరు మార్చారులే అన్నాడాయన.

"రోజూ ఎంతసేపు వేసేవారు?" అని అడిగాడు చక్రి.

"పొద్దున్న గంట, సాయంత్రం గంట."

"రోజుకి యూనిట్టున్నర. షాపు రేటులో నెలకి మూడొందలకి పైనే. అయిదేళ్లంటే... ఇరవై వేలకి అటూ ఇటూ ఉంటది." ఆమె ముఖం చూసి, "ఉజ్జాయింపుగా అన్నాను అత్తా. రాసి ఇవ్వమంటే ఇవ్వలేను," అన్నాడు.

సాయంత్రం లహరి విని నవ్వింది. తరవాత నవ్వు ఆపింది.

"అంటే మల్లేశన్న చోర్ కాదు, మనమే చోర్‌లం."

"నాన్నని అలా అనకు."

"నేను నాన్నననలేదు. నీళ్లు నేనూ పోసుకున్నాను గదా."

సరోజిని అన్నం వడ్డించి తను తినకుండా కూర్చుంది. అసిరయ్య చెప్పింది నిజమైతే, ఆ మాట రెండువైపులా పనిచేస్తుంది. మల్లేశు బిల్లు ఆమె అడగకూడదు. మోటరు కరెంటు మల్లేశు అడగకూడదు. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ బాకీ లేరు. అలా చూస్తే లెక్క తేలినట్టే. కానీ ఆఫీసు ఫైలులో 47,380 అలాగే ఉంది. మధులత చెప్పిన తేదీకి తొమ్మిది రోజులున్నాయి.

"పొద్దున్న ఫోను కలిపిచ్చి వెళ్లు," అంది కూతురితో.

*

మల్లేశు వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఫోనులో వెనక ఐసు కొట్టే మిషను చప్పుడు వినిపిస్తోంది.

"పిన్నీ, బాగున్నావా? పాప బాగుందా?"

"బాగున్నాం. నీ కరెంటు బిల్లు నలభై ఏడు వేలుంది మల్లేశూ."

మిషను చప్పుడు తగ్గింది. అతను బయటికి నడిచినట్టున్నాడు.

"ఆఫీసోలు నీకాడికొచ్చేరా?"

"నేనే ఎల్లాను. అది కడితేగాని గదికి లైను ఇవ్వరంట."

"నీకాడికొస్తాదనుకోలేదు పిన్నీ. మీటరు నా పేరు, ఆధార్ నాది. అడిగితే నన్నే అడుగుతారు, అప్పుడు సూద్దాం అనుకున్నాను. ఆల్లకి బాకీ ఉన్నాను, కాదన్ను. నీకు లేను. జెట్టీ మీద నేనాడింది అబద్ధం కాదు."

"నా మోటరు నీ మీటరు మీద తిరిగేది. నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఒకరోజు ఫ్రీజరు రిపేరుకని మెయిన్ ఆపేను. రెండు నిమిషాలు కాలేదు, బాబాయి తల నిండా సబ్బుతో పరుగెట్టుకొచ్చేడు. ఒరే మెయిన్ ఎయ్యరా, కళ్లు మండతన్నాయి అని. నీ నీళ్లకీ నా మెయిన్‌కీ ఏటి సంబంధం బాబాయీ అన్నాను. అప్పుడు సెప్పేడు."

సరోజిని నవ్వు ఆపుకోలేకపోయింది. అటువైపు అతనూ నవ్వాడు.

"నాకు సెప్పొద్దన్నాడా?"

"అన్నాడు. పిన్నికి తెలిస్తే ఇప్పుడే డబ్బులిచ్చెయ్యమంటాది అన్నాడు."

"మరి జెట్టీ మీద అడగాల గదా నువ్వు."

"ఎలా అడుగుతాను పిన్నీ? బాబాయి అయిదేళ్లు అద్దె పెంచలేదు. ఊళ్లో అందరూ ఆరేలు తీసుకుంటంటే నా కాడ నాలుగున్నరే తీసుకున్నాడు. ఏడేళ్లలో ఏ నెలా మీరెవులూ గట్టిగా అడగలేదు. మోటరుకీ దానికీ సరి అనుకున్నాం. ఎంతకెంతో ఎవులం లెక్కెయ్యలేదు."

అద్దె ఎందుకు పెంచవని ఆమె భర్తతో రెండుసార్లు గొడవపడింది. ఆ సంగతి మల్లేశుకి చెప్పలేదు. పెంచని అద్దె మోటరు కరెంటు కంటే చాలా ఎక్కువ. కానీ అందులో ఎంత మోటరుకి, ఎంత మనవాడన్న మాటకి అన్నది చెప్పాల్సిన మనిషి లేడు.

"అయితే మనిద్దరికీ తెలీని లెక్కని తేలిందన్నాం," అంది.

"అంతే గదా పిన్నీ, అందరూ అలాగే అంటారు."

"బిల్లులో సగం నువ్వు కట్టు మల్లేశూ. సగం నేను కడతాను."

"అసిరయ్య తాతకి తెలుసా, నువ్వడుగుతున్నావని?"

"అడగొద్దన్నాడు. నేను అడుగుతున్నాను. ఇద్దరం కట్టకపోతే ఆ గది నాకు గది కాదు, గోడలంతే. మందుల షాపు పిల్ల ఎల్లిపోద్ది. లహరి జీతంతో ఇల్లూ అప్పూ రెండూ నడవ్వు."

"నాకిక్కడ రోజుకి ఆరొందలు పిన్నీ. అదీ పడవలొచ్చిన రోజు."

"ఒక్కసారే అనలేదు."

"నెలకి రెండేలు. అంతకి మించి నావల్ల కాదు."

"రెండేలే పంపు."

"పంపుతాను," అన్నాడు మల్లేశు. తరవాత, "నువ్వడుగుతావనుకోలేదు పిన్నీ," అన్నాడు. అందులో కోపం ఉందో లేదో ఆమెకి తెలియలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించింది.

*

మల్లేశు వంతు వచ్చేది నెలనెలా; అది వాయిదాలకి సరిపోతుంది. ఆఫీసుకి ఇప్పుడే కావలసింది 23,690. సరోజిని మధులతని పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మధులత ఇవ్వాల్సిన అడ్వాన్సు నాలుగు నెలల అద్దె, ఇరవై నాలుగు వేలు. అదే తీసుకెళ్లి కడతానంది.

"అంటే నా అడ్వాన్సు ముందున్నాయన బిల్లుకి పోతుంది," అంది మధులత.

"పోతాది."

"రేపు నేను ఖాళీ చేస్తే నాకేమిస్తారు ఆంటీ?"

"నెల నెలా అద్దెలో వెయ్యి తగ్గించుకో. రెండేళ్లలో నీ అడ్వాన్సు నీకు చేరిపోద్ది. అప్పుడు నేనివ్వాల్సింది ఉండదు."

మధులత మనసులో లెక్క వేసుకుంది. "రాసుకుందాం. ఇంకోటి, మీ మోటరు మీ మీటరు మీదకి మార్చాకే నా మీటరు పెట్టిస్తాను. సబ్బు పెట్టుకున్నవాళ్లు నా షాపులోకి పరుగెట్టుకు రాకూడదు."

"ఆ కథ నీకెవరు సెప్పారు?"

"లహరి. బస్సులో. బస్సంతా విన్నారు."

లహరి ఫోనులో ఇంగ్లిషులో ఒప్పందం టైపు చేసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. ఆమెకి తెలుగు చదవడం అంతగా రాదు, చెప్పడం వచ్చు. ఆ ఇంట్లో అద్దెకి కాగితం రాసుకోవడం అదే మొదటిసారి. చివర సరోజిని ఒక వాక్యం చేర్పించింది. ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టిన రసీదు ఇంటి యజమానికి చూపించాలి.

"నా మీద నమ్మకం లేదా ఆంటీ?"

"ఉంది. అయినా చూపించు."

మర్నాడు చక్రి మోటరు వైరు కోసి ఇంటి బోర్డుకి కలిపాడు. సరోజిని రాసిచ్చిన కాగితం మీద పై ఆఫీసు వాయిదాలకి ఒప్పుకున్నట్టు ఏడో తారీకున జేఈ కబురు పంపాడు. ఎనిమిదిన సరోజిని ఆఫీసుకి వెళ్లింది. మధులత కనెక్షనుకి కూడా యజమాని అంగీకార పత్రం కావాలన్నారు. అచ్చు వేసిన అదే కాగితం, అదే వాక్యం. సరోజిని దాన్ని లహరి చేత రెండుసార్లు చదివించుకుని, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇదే గదా?" అని అడిగి సంతకం చేసింది.

కౌంటరులో డబ్బు కట్టింది. క్లర్కు రసీదు ఇచ్చాడు. లహరి చూసి వెనక్కి ఇచ్చింది.

"భయ్యా, ఇందులో మల్లేశు పేరుంది. కట్టింది అమ్మ."

"కంప్యూటరులో కన్స్యూమరు పేరే వస్తుంది. కట్టినవాళ్ల పేరు రాదు."

"చేత్తో రాయండి."

"చేత్తో రాస్తే చెల్లదు."

లహరి ఇంకా ఏదో అనబోయింది. సరోజిని రసీదు తీసుకుంది. ఏడేళ్ల పాటు మల్లేశు పేరు మీద వచ్చిన రసీదుల్లో అయిదేళ్లు ఆమె ఇంటి నీళ్లున్నాయి. ఆ పేరు మీద తను ఒకటి కట్టడంలో ఆమెకి తప్పు కనిపించలేదు. ఫొటో తీసి అతనికి పంపమంది.

"కింద ఏం రాయను?"

"ఏం రాయకు. అంకె కనిపిస్తాది గదా."

తొమ్మిదో తారీకు సాయంత్రం వానలోనే లైన్‌మన్ వచ్చి కొత్త మీటరు బిగించాడు. పన్నెండున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపల పెట్టిన థర్మామీటరు చూసి, రాసుకుని వెళ్లాడు. ఆగస్టు మూడో వారంలో మధులతకి లైసెన్సు వచ్చింది.

అసిరయ్య మందుల షాపుకి బీపీ మాత్రల కోసం వస్తాడు. సరోజిని కనిపిస్తే పలకరిస్తాడు. మల్లేశు సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. జెట్టీ మీద మాట అయ్యాక అడిగిన మనిషి అని ఒకరిద్దరు ఆమె వినేలాగే అన్నారు. నూకయ్య పేరు కూడా ఎత్తారు.

ఆగస్టు అయిదున మల్లేశు నుంచి రెండు వేలు వచ్చాయి. సెప్టెంబరు అయిదున రాలేదు. ఎనిమిదిన కూడా రాలేదు. అంతకు ముందైతే ఆమె ఇంకో నెల చూసేది. తొమ్మిదో తారీకు పొద్దున్న టీ తాగాక తనే నంబరు నొక్కింది.

"మల్లేశూ, ఈ నెలది రాలేదు."

"తుపానని పడవలు ఎల్లలేదు పిన్నీ. పదైదుకి పంపుతాను."

"పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు. పెద్దదానికి ఇక్కడ తెలుగు రాయడం కష్టంగా ఉంది. బడిలో హిందీ మాటలొచ్చేస్తన్నాయని నవ్వుతన్నారంట."

"నవ్వనీ. వచ్చేస్తాది. పదైదున నేను మళ్లీ చేస్తాను," అంది సరోజిని.

"చెయ్యి పిన్నీ," అన్నాడు మల్లేశు.

ఆమె ఫోను పెట్టేసి, మోటరు వేయడానికి వెళ్లింది.